పట్టే సైతాను, పిలిచే సైతాను

గుత్తికీ అనంతపురానికీ మధ్య, పెన్న ఒడ్డున ఉండే పామిడి బట్టల వ్యాపారానికి పేరున్న ఊరు. ఈ సీమ ఊళ్లలో తెలుగూ దక్కనీ ఉర్దూ పక్కపక్కనే నడుస్తాయి. సైతాను మాటకు రెండింట్లోనూ గిరాకీ ఎక్కువే. అల్లరి పిల్లాడు సైతాను. తాగి ఇల్లు గుల్ల చేసినవాడికి సైతాను పట్టింది. ఉన్నట్టుండి ఊగిపోతూ ఏదేదో మాట్లాడే మనిషిని ఇంటివాళ్లు దర్గాకు తీసుకుపోయి తాయెత్తు కట్టిస్తారు. అలా పోయేవాళ్లంతా ముస్లింలేనని కాదు. ఈ వాడుకను బట్టి చూస్తే సైతాను అంటే మనిషి మీదికెక్కి కూర్చునే శక్తి. ఖురాన్ చూపించే సైతాను ప్రధాన లక్షణం మాత్రం వేరు. అతను పిలుస్తాడు. పోవడమా మానడమా అన్నది మనిషి తేల్చుకోవాలి.

ఖురాన్‌ను తెలుగులో చదువుకునే వీలు స్వాతంత్ర్యానికి ముందే ఏర్పడింది. ఆ పని చేసినవారు చిలుకూరి నారాయణరావు. అనంతపురం దత్తమండల కళాశాలలో పాఠాలు చెప్పిన పండితుడు, ఆంధ్ర భాషా చరిత్ర రాసినవారు. ఇంట్లో తెలుగే మాట్లాడుకునే దూదేకుల ముస్లిం కుటుంబాలు ఊరూరా ఉన్న ప్రాంతం ఇది. తర్వాతి కాలంలో ముస్లిం పండితులు చేసిన తెలుగు అనువాదాలూ వచ్చాయి.

ఏ అనువాదం తీసుకున్నా సైతాను పుట్టుక కథ ఒకేచోట మొదటినుంచి చివరిదాకా దొరకదు. 2, 7, 15, 17, 18, 20, 38వ సూరాలు, అంటే అధ్యాయాలు, ఏడింటిలో ముక్కలుగా వస్తుంది. ఒకచోట సంభాషణ ఎక్కువ, ఇంకొకచోట ఒక్క వాక్యమే. అన్నీ కలిపి చదివితేనే కథ నిండుతుంది.

మట్టితో మనిషిని చేయబోతున్నానని దేవుడు దైవదూతలకు చెబుతాడు. నేలమీద నెత్తురు పారించేవాణ్ని పుట్టిస్తావా అని వాళ్లు అడుగుతారు. మీకు తెలియనిది నాకు తెలుసని ఆయన జవాబు. ఆదంకు ప్రాణం పోశాక అతనికి సజ్దా చేయమని, అంటే ముందు సాగిలపడమని ఆజ్ఞ అవుతుంది. అందరూ చేస్తారు, సైతాను కాబోయే ఇబ్లీస్ చేయడు. కారణం అడిగితే తాను నిప్పుతో పుట్టానని, ఆదం మట్టితో పుట్టాడని, కాబట్టి తానే మేలైనవాణ్నని వాదిస్తాడు.

ఆ రెండు పదార్థాలనూ ఖురాన్ వివరంగానే చెబుతుంది. ఆదంది కుళ్లి నల్లబడి, ఎండి, కొడితే కుండలా మోగే మట్టి. జిన్నాతులు, అంటే జిన్నులు అనే కంటికి కనబడని జీవులది వడగాలిలోని నిప్పు. రేగడి నెర్రెలిచ్చి, ఉగాది దాటగానే గాలి సెగలు కక్కే అనంతపురం జిల్లాలో ఈ రెండింటినీ ఊహించుకోవడానికి వ్యాఖ్యానం అక్కర్లేదు.

ఇక్కడ గమనించాల్సింది ఇబ్లీస్ నాస్తికుడు కాకపోవడం. దేవుడున్నాడని అతనికి సందేహం లేదు. ఎదుట నిలబడే మాట్లాడుతున్నాడు, తనను చేసింది ఆయనేనని ఒప్పుకుంటున్నాడు. అతను పట్టుకున్నదల్లా పుట్టుకను బట్టి పెద్దరికం లెక్కగట్టే కొలబద్దను. 8వ శతాబ్దపు బస్రా పండితుడు హసన్ బస్రీ పేరిట ఒక మాట ప్రచారంలో ఉంది: ఆజ్ఞకు ఎదురుగా సొంత పోలికను నిలబెట్టి వాదించిన మొదటివాడు ఇబ్లీసేనట. పుట్టుకతోనే ఎక్కువవాణ్ననే వాదన ఎక్కడ మొదలైందో తెలుసుకోవాలనుకునే పాఠకులు ఈ భాగం దగ్గర ఆగక తప్పదు.

అసలు అతను దైవదూతా, జిన్నా? పండితులు శతాబ్దాలుగా తర్కించుకున్న ప్రశ్న ఇది. ఆజ్ఞ ఇచ్చింది దైవదూతలకు. పాటించనివాడు ఇబ్లీస్. అంటే అతనూ వాళ్లలో ఒకడే అయ్యుండాలని ఒక వర్గం అంది. 923లో చనిపోయిన తబరీ తన వ్యాఖ్యానంలో ఈ పక్షానికి చెందిన కథనాలెన్నో సేకరించి పెట్టారు. ఇబ్లీస్ అసలు పేరు అజాజీల్ అనీ, స్వర్గంలో గొప్ప హోదా ఉండేదనీ చెప్పే కథలు ఇలాంటి సంప్రదాయాలవే. అజాజీల్ పేరు ఖురాన్‌లో ఎక్కడా లేదు.

రెండో పక్షానికి 18వ సూరాలోని 50వ వాక్యం బలం. ఇబ్లీస్ జిన్నాతుల్లోనివాడని అక్కడ సూటిగా ఉంది. అతనికి సంతానం ఉన్నట్టూ అదే వాక్యం చెబుతుంది. దైవదూతలు దేవుడి మాట జవదాటరని 66వ సూరా అంటుంది. దైవదూతలు వెలుగుతోనూ, జిన్నాతులు నిప్పుతోనూ పుట్టారని ప్రవక్త చెప్పినట్టు ఆయన భార్య ఆయిషా ఉల్లేఖించిన హదీసు సహీహ్ ముస్లిం అనే సంకలనంలో ఉంది. రెప్పపాటు కాలం కూడా ఇబ్లీస్ దైవదూత కాడని హసన్ బస్రీ తేల్చేశారు. 14వ శతాబ్దపు వ్యాఖ్యాత ఇబ్న్ కసీర్ కూడా అటువైపే మొగ్గారు. నేటి తెలుగు ముస్లింలలో ఎక్కువమంది వినేది, నమ్మేది ఈ రెండో మాటే.

తేడా చిన్నదేమీ కాదు. దైవదూతకు ఎదురు తిరిగే స్వేచ్ఛ లేదనుకుంటే, దైవదూతగా ఇబ్లీస్ తిరుగుబాటు అంతుపట్టదు. జిన్నులకు మనుషుల్లాగే మంచీచెడూ ఎంచుకునే వీలుంది. 28 వాక్యాల 72వ సూరా పేరే జిన్. ఖురాన్ పారాయణం విని విశ్వసించిన జిన్నుల గుంపు అందులో కనిపిస్తుంది. కాబట్టి జిన్నులందరూ సైతానులు కారు. మరోవైపు సైతానులందరూ జిన్నులే అనడానికీ లేదు. మనుషుల్లోనూ సైతానులున్నారని 6వ సూరా చెబుతుంది.

మళ్లీ కథలోకి వస్తే, ఆజ్ఞ మీరినందుకు బహిష్కారం పడ్డాక ఇబ్లీస్ ఒక కోరిక కోరతాడు: మనుషులు మళ్లీ లేచే రోజుదాకా గడువు. దేవుడు ఇస్తాడు. ఇక ఆదం సంతతి నడిచే దారిలో కాపు కాస్తానని, ముందునుంచీ వెనకనుంచీ కుడి ఎడమలనుంచీ వస్తానని అతను శపథం పడతాడు. తెలుగు పాఠకుడికి ఇక్కడ హిరణ్యకశిపుడు గుర్తురావచ్చు. అతనూ వరం పుచ్చుకున్నవాడే. అయితే హిరణ్యకశిపుడు విష్ణువును పగవాడిగా ఎంచి, లోకమంతా తననే కొలవాలన్నాడు. ఇబ్లీస్ దేవుణ్ని ప్రభువనే సంబోధిస్తాడు, గడువు కూడా ఆయన్నే వేడుకుంటాడు. దేవుడితో యుద్ధానికి దిగడు. అతని పందెం మనిషి మీద.

ఆ పందెంలో ఆదం, అతని భార్య హవ్వా మొదట ఓడిపోతారు. ఈ ఘట్టం చదివేటప్పుడు బైబిల్ ఎరిగినవాళ్లకు తేడాలు తెలుస్తాయి. ఆదికాండంలో మాట్లాడేది పాము. దాన్ని సాతాను అని ఆ అధ్యాయం అనదు, తర్వాతి సంప్రదాయం అంది. ఖురాన్‌లో పాము లేదు, సైతానే నేరుగా గుసగుసలాడతాడు. ముందు హవ్వా మోసపోయి భర్తను చెడగొట్టిందన్న మాటా లేదు. 7వ సూరాలో ఇద్దరూ మోసపోతారు, 20వ సూరాలో గుసగుస ఆదం చెవిలోనే. ఇద్దరూ తప్పు ఒప్పుకుంటారు, క్షమాపణ దొరుకుతుంది. అందుకే ఇస్లాంలో ఆదం పాపం పిల్లలకు వారసత్వంగా రాదు. ఆదంకు మొక్కనన్న సాతాను మాత్రం ఖురాన్ కంటే ముందే, ఆదాము హవ్వల జీవితం అనే పాత గ్రంథంలోనూ కనిపిస్తాడు. పశ్చిమాసియాలో ఈ కథ పలు మతాల నోళ్లలో నానిందన్నమాట.

మరి సైతాను బలమెంత? అతని పన్నాగం బలహీనమైనదని 4వ సూరా చెబుతుంది. 14వ సూరాలో తీర్పు రోజున అతనే లేచి తన అనుచరులతో మాట్లాడతాడు. మీ మీద నాకు అధికారమేదీ లేదు, పిలిచాను, వచ్చారు, నన్ను కాదు మిమ్మల్ని మీరే నిందించుకోండి అన్నది ఆ మాటల సారం. ఆరు వాక్యాల చివరి సూరా కూడా గుండెల్లో గుసగుసలాడి వెనక్కి జారుకునేవాడి నుంచి శరణు కోరడమే. ఖురాన్ చదవబోయేముందు సైతాను నుంచి అల్లాహ్ శరణు వేడుకోమన్నది 16వ సూరా ఆదేశం.

దర్గాకు తీసుకుపోయే సైతానుకు మరి ఆధారం లేదా? 2వ సూరాలో వడ్డీ తినేవాళ్లను సైతాను తాకిడికి మతి చెడినవాడితో పోల్చారు. పూనకం నిజమేనని నమ్మిన పండితులు ఈ వాక్యాన్నే చూపించారు. 12వ శతాబ్దపు వ్యాఖ్యాత జమఖ్షరీ మాత్రం అది అప్పటి అరబ్బుల నమ్మకాన్ని పట్టి చేసిన పోలికేనన్నారు. ఈ వాదన ఇప్పటికీ తెగలేదు. తాయెత్తుల విషయంలోనూ మతపండితులలో అభిప్రాయభేదాలున్నాయి. కొందరు ఖురాన్ వాక్యాలున్నవాటిని ఒప్పుకుంటారు, మరికొందరు ఏ తాయెత్తూ కూడదంటారు.

సూఫీలు ఇబ్లీస్‌ను మరో కోణంలో చూశారు. 922లో బాగ్దాద్‌లో మరణశిక్షకు గురైన హల్లాజ్ రచనలో అతను దేవుడికి తప్ప ఇంకెవరికీ తల వంచలేని మొండి ప్రేమికుడు. రూమీ మస్నవీలో అతను పాలకుడు ముఆవియాను నమాజుకు నిద్రలేపుతాడు. నమాజు తప్పితే ఆ మనిషి పడే పశ్చాత్తాపం నమాజు కంటే విలువైపోతుందేమోనని అతని భయం. 1929లో మద్రాసు, హైదరాబాదుల్లో ఉపన్యాసాలిచ్చిన కవి ఇక్బాల్ 1936లో ఇబ్లీస్ మంత్రాంగ సభ మీద ఉర్దూ కవిత రాశారు. అందులో ఇబ్లీస్ సలహాదారులతో కూర్చుని లోక రాజకీయాలు చర్చిస్తాడు.

సామాన్య విశ్వాసి సైతానుకు ఎదురుగా నిలబడేది మాత్రం హజ్‌లో, మక్కా దగ్గరి మినాలో. కొడుకును బలివ్వబోతున్న ఇబ్రాహీంను సైతాను మూడుచోట్ల అడ్డుకున్నాడని, ఆయన రాళ్లు విసిరి తరిమాడని సంప్రదాయం. దానికి గుర్తుగా హాజీలు విసిరేది జిల్‌హజ్ నెల 10న ఒకచోట 7 రాళ్లు, 11, 12 తేదీల్లో మూడుచోట్లా కలిపి రోజుకు 21, మొత్తం 49. 13న కూడా ఆగితే 70. తొక్కిసలాటలు జరుగుతుండటంతో 2004లో, అక్కడ రాళ్లు విసిరే గుర్తులుగా ఉన్న స్తంభాల స్థానంలో పొడవాటి గోడలు కట్టారు. 2006 జనవరిలో 340 మందికి పైగా చనిపోయాక పాత వంతెన తీసేసి పలు అంతస్తుల కొత్త వంతెన నిర్మించారు. ఎదురుగా సైతానే ఉన్నాడన్న ఆవేశంలో చెప్పులు విసిరేవాళ్లూ ఉంటారు. అది తగదని, సైతాను అక్కడ కట్టేసి లేడని, ఈ విసరడం దేవుణ్ని తలచుకోవడానికేనని మతపెద్దలు చెబుతారు. రాయి ఎంత ఉండాలన్నదానికీ కొలత ఉంది: వేళ్లతో విసరగలిగేంత, ఇంచుమించు శనగగింజంత. అలాంటి రాళ్లను అరచేతిలో పట్టుకునే, మతంలో అతి చేయొద్దని ప్రవక్త హెచ్చరించినట్టు ఆయన సహచరుడు ఇబ్న్ అబ్బాస్ ఉల్లేఖించారు.