పసిబిడ్డకు తొలి రక్తపరీక్ష

శిశువు పుట్టిన రెండు మూడు దినములకు మడమపై సూదితో పొడిచి, కొన్ని రక్తబిందువులను వడపోత కాగితముపై అద్దుదురు. పుట్టుకతో థైరాయిడ్ లోపమున్న శిశువు తక్కిన బిడ్డలవలెనే కన్పించును. రెండు వారములలోపల మందు ఆరంభించినచో బుద్ధిమాంద్యమును తప్పింపవచ్చును. మన ఆసుపత్రులన్నిట ఈ పరీక్ష నియమముగా లేదు, అడిగి చేయించుకొనవలెను.

“పసిగుడ్డునకేమి తెలియును” అని ఇంటి పెద్దలే కాదు, 1980ల వరకు పలువురు వైద్యులును తలంచిరి. నెలలు నిండని శిశువుల శరీరము సైతము నొప్పికి తల్లడిల్లునని 1987లో కన్వల్‌జీత్ ఆనంద్ ప్రభృతుల పరిశోధన చూపెను.

మేమును మా మొదటి బిడ్డ నాడు తలుపు వెలుపలనే నిలిచి ఆ ఏడుపు వింటిమి. అట్లు నిలువనక్కరలేదు. సూదికి కొంచెము ముందుగనే బిడ్డను రొమ్మునకు చేర్చి, పొడుచునంతసేపును పాలిచ్చుచుండిన నొప్పి తగ్గును. ఏడ్చిన పిదప ఇచ్చుట ఓదార్పే గాని అంతటి ఉపశమనము కాదు. తల్లి లేవలేనిచో తండ్రియే చొక్కా విప్పి బిడ్డను ఎదకు హత్తుకొనవచ్చును, ఇందు సిగ్గుపడవలసినదేమి?

మరల రమ్మని కబురు వచ్చినంతమాత్రమున రోగమున్నదని బెంగపడరాదు. థైరాయిడును ప్రేరేపించు హార్మోను పుట్టిన తొలిదినములలో సహజముగనే హెచ్చియుండును. అయినను కబురందిన నాడే బయలుదేరవలెను.