ముస్తాబు ముందురోజు పని కాదు

పోటీలో గుర్రాన్ని రింగులోకి తీసుకెళ్లాలంటే ఎంతసేపు ముస్తాబు చేయాలని మా ఊళ్లో అడుగుతుంటారు. మూడు నెలలు అంటాను. నవ్వుతారు. అందులో అతిశయోక్తి ఏమీ లేదు. పాత వెంట్రుక రాలి కొత్తది నిగనిగలాడుతూ రావాలన్నా, గిట్ట పగుళ్లు లేకుండా కిందికి దిగాలన్నా నెలలు పడుతుంది. గిట్ట నెలకు సుమారు ఒక సెంటీమీటరే పెరుగుతుంది. చివరి రోజు మనం చేసేది ఉన్న అందాన్ని బయటపెట్టడం వరకే. లేనిదాన్ని ఆ ఒక్కరోజులో ఎవరూ తేలేరు.

మాది సూర్యాపేట జిల్లా నేరేడుచర్ల. సాగర్ ఎడమ కాలువ కింద వరి పండే నేల. చిన్నప్పుడు ఇంట్లో ఎడ్లు తప్ప గుర్రం ఎరగను. బతుకుదెరువుకు హైదరాబాద్ పోయి, శివార్లలో గుర్రపు స్వారీ నేర్పే స్కూల్లో సైసుగా చేరాను. గుర్రాన్ని మేపడం, కడగడం, జీను వేసి రైడర్ చేతికి పగ్గాలివ్వడం సైసు పని. నా వయసంతా ఆ కొట్టాల్లోనే గడిచింది. ఇప్పుడు ఊళ్లో ఒంగోలు గిత్తల జతను మేపుకుంటున్నాను. మిర్యాలగూడ, కోదాడ వైపు పెళ్లిగుర్రాల వాళ్లు పిలిస్తే పోయి చూసి వస్తుంటాను.

హైదరాబాద్‌కు గుర్రం కొత్త కాదు. ఆరో నిజాం హయాంలో 1886లో గుర్రపు పందేలు మౌలాలి నుంచి మలక్‌పేటకు మారాయి. ఢిల్లీలో తీన్‌మూర్తి కూడలిలో నిలబడ్డ మూడు విగ్రహాలు మొదటి ప్రపంచ యుద్ధంలో పోరాడిన హైదరాబాద్, మైసూరు, జోధ్‌పూర్ సంస్థానాల అశ్విక దళాలవి. శివరాంపల్లిలోని జాతీయ పోలీసు అకాడమీ 1975లో మౌంట్ అబూ నుంచి ఇక్కడికి వచ్చింది. అక్కడ ఐపీఎస్ శిక్షణకు వచ్చిన ప్రతి ఒక్కరూ గుర్రం ఎక్కడం నేర్చుకోవాల్సిందే. హైదరాబాద్‌లో గుర్రాల పని చేసేవాళ్లకు ఒక పద్ధతి ఉంది. మా ఉస్తాద్ నాకు నేర్పింది ఆ పద్ధతే.

మెరుపు దాణాలో ఉంటుంది

కొట్టంలో చేరిన కొత్తలో మెరుపు కోసం నూనె ఏదైనా రాయాలా అని అడిగాను. “నూనె ఒంటికి కాదు బేటా, కడుపుకి పెట్టు” అన్నాడు ఉస్తాద్. ఉలవలు ఉడికించి పెట్టేవాళ్లం. ఓట్స్, బార్లీ, గోధుమ తౌడు, లూసర్న్ గడ్డి ఉండేవి. పోటీల కాలంలో అవిసె గింజలు తోడయ్యేవి. వాటిని మాత్రం బాగా మరిగించాలి. పచ్చి గింజలు నీళ్లలో నానితే విషం పుడుతుంది, మరిగిస్తే అది పోతుంది. వేళకు నట్టల మందు, ఎప్పుడూ అందుబాటులో ఉప్పు గడ్డ, కడుపునిండా నీళ్లు. మన ఎండలకు పెద్ద గుర్రం రోజుకు 40 లీటర్లకు పైనే తాగుతుంది. ఇవి సరిగా లేని గుర్రానికి ఎన్ని రాసినా వెంట్రుక గరుకుగా నిలబడే ఉంటుంది.

ఆ తర్వాత మాలీష్. దానికీ వరస ఉంది. ముందు రబ్బరు బ్రష్షుతో గుండ్రంగా రుద్దితే లోపలి మురికి, రాలే వెంట్రుక పైకి వస్తాయి. తర్వాత గట్టి కుచ్చుల బ్రష్షుతో ఆ దుమ్మును విదిలించాలి. చివర మెత్తటి బ్రష్షుతో, వెంట్రుక వాలిన దిక్కునే, మన ఒంటి బరువు వేసి పొడుగ్గా లాగాలి. అలా లాగినప్పుడు చర్మంలో సహజంగా ఊరే జిడ్డు వెంట్రుక పొడుగునా పరుచుకుంటుంది. మెరుపంటే అదే. ఇనుప పళ్ల దువ్వెన గుర్రానికి వాడేది కాదు, చేతిలోని బ్రష్షును శుభ్రం చేసుకోవడానికి. కొత్తవాళ్లు దాన్ని తెచ్చి ఎముకల మీద గీస్తారు. గుర్రం తన్నిందంటే తప్పు దానిది కాదు.

గిట్ట లోపల ఇరుక్కున్న పేడ, రాళ్లు రోజూ తీయాలి. కొక్కేన్ని మడమ వైపు నుంచి ముందుకే లాగాలి. మధ్యలో మూడు మూలలుగా ఉండే మెత్తటి భాగం జాగ్రత్త. అక్కడ తడి నిలిచిందంటే కుళ్లు వాసన మొదలవుతుంది. ఆరు వారాలకోసారి నాల్‌బంద్ వచ్చి గిట్ట చెక్కి నాడాలు మార్చాలి. నాడా కొత్తదై ఉంటే గుర్రం ఒకటి రెండు రోజులు అడుగు చూసుకుని వేస్తుంది. అందుకే పోటీకి ముందురోజు నాడా కొట్టించం, వారం ముందే ముగిస్తాం.

స్నానం, జడలు

పోటీ ముందురోజు స్నానం. పోటీ రోజు పొద్దున చేయిస్తే ఒంటి జిడ్డంతా పోయి వెంట్రుక తేలిపోతుంది, జడ వేస్తే జారుతుంది. షాంపూ కొంచెం చాలు, కడగడానికి మాత్రం నీళ్లు ధారాళంగా కావాలి. నురగ మిగిలితే ఆరాక పొట్టు లేస్తుంది, గుర్రం గోడకు రుద్దుకుంటుంది. కాళ్ల కింది భాగం తెల్లగా ఉంటే ఆరాక సుద్దపొడి అద్ది దులుపుతాం. తెల్ల గుర్రమైతే ఆ రాత్రి సైసుకు నిద్ర ఉండదు. ఏ మూల పేడ కనబడినా అది అక్కడే పడుకుంటుంది.

జూలును కత్తెరతో కోస్తే అంచు మొద్దుగా నిలబడుతుంది. అందుకని కింది పొరలోంచి నాలుగైదు వెంట్రుకల చొప్పున లాగి పలుచన చేస్తాం. స్వారీ అయ్యాక ఒళ్లు వేడిగా ఉన్నప్పుడు చేస్తే అంతగా నొప్పి తెలియదు. సంప్రదాయం ప్రకారం జూలు మెడకు కుడివైపు వాలాలి. తడిపి, సమాన పాయలు తీసి, జూలు రంగు దారంతోనే మొద్దు సూదితో కుట్టి, జడను మడిచి ముడిగా బిగిస్తాం. ఇక్కడే కంటికి కనికట్టు ఉంది. మెడ పొట్టిగా ఉన్న గుర్రానికి చిన్న జడలు ఎక్కువ వేస్తే మెడ పొడవుగా కనిపిస్తుంది. మరీ పొడవు మెడకు పెద్ద జడలు తక్కువ వేస్తాం. అరబ్ గుర్రానికీ, మన మార్వారీ గుర్రానికీ జాతి ప్రదర్శనల్లో జడలు వేయరు. వాటి జూలు విరబోసి ఉండటమే అందం.

పిరుదుల మీద చదరంగపు గళ్లలాంటి గుర్తులు చూసి రంగు వేశారనుకుంటారు చాలామంది. అది రంగు కాదు. వెంట్రుకను తడిపి, చిన్న దువ్వెనతో గడి గడికీ అడ్డంగా దువ్వుతాం. వెలుతురు పడే తీరు మారి గళ్లు కనిపిస్తాయి. గిట్టలకు నూనె మాత్రం రింగు గేటు దగ్గరే. కొట్టంలోనే రాస్తే అక్కడిదాకా నడిచేలోపు హైదరాబాద్ ఎర్రమట్టంతా గిట్టకే అంటుకుంటుంది.

తోలు, ఇత్తడి, ఇనుము

జీను, కళ్లెం విప్పి, తోలు సబ్బుతో ముక్క ముక్కా తుడవాలి. అందం ఒక్కటే కారణం కాదు. తుడిచేటప్పుడే తెగబోయే కుట్టు చేతికి దొరుకుతుంది. బకిళ్లు ఇత్తడివైతే పాలిష్ పెట్టొచ్చు. నోట్లో పెట్టే ఇనుప ముక్కకు మాత్రం నీళ్లు తప్ప ఏదీ తగలకూడదు, అది గుర్రం నాలుక మీద ఉండే వస్తువు. జీను సరిపోయిందో లేదో తెలియాలంటే స్వారీ అయ్యాక తీసి చెమట చారను చూడాలి. రెండువైపులా సమానంగా తడిస్తే సరే. ఆ తడి మధ్యలో పొడి మచ్చ ఉంటే అక్కడ జీను నొక్కుతోందని అర్థం.

ఇక సవారీ సంగతి

2023 సెప్టెంబరులో చైనాలోని హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో, గుర్రం నడకను చూసి మార్కులిచ్చే డ్రెస్సేజ్ పోటీలో, జట్టు స్వర్ణం మనకు వచ్చింది. అనూష్ అగర్వాలా, హృదయ్ ఛేడా, దివ్యకృతి సింగ్, సుదీప్తి హజేలా ఆ నలుగురు. గుర్రపు స్వారీలో మనకు 41 ఏళ్ల తర్వాత దక్కిన స్వర్ణమది. ఆ ఫొటోలు చూసినవాళ్లకు సవారీ దుస్తులంటే ఏమిటో తెలిసే ఉంటుంది: నల్లటి లేదా ముదురు నీలం కోటు, తెల్లటి బిగుతు ప్యాంటు, మెడకు తెల్ల పట్టీ, చేతికి గ్లౌజులు, మోకాలి దాకా బూట్లు. మోకాలి కింద బిగుతుగా ఉండే ప్యాంట్లను ఇంగ్లండుకు పరిచయం చేసింది మనవాడే. 1897లో విక్టోరియా రాణి వజ్రోత్సవాలకు వెళ్లిన జోధ్‌పూర్ సర్ ప్రతాప్ సింగ్ వేసుకున్నవి చూసి వాళ్లు మోజుపడ్డారు.

పిల్లల్ని రింగులోకి పంపేటప్పుడు తల్లిదండ్రులకు నేను చెప్పే జాగ్రత్తలు కొన్ని ఉన్నాయి. కోటు సరిపోయిందో లేదో నిలబెట్టి చూడొద్దు, కుర్చీలో గుర్రం మీద కూర్చున్నట్టు కూర్చోబెట్టి చేతులు ముందుకు చాపమని చూడండి. తెల్ల ప్యాంటు మీద పాత పైజామా తొడిగి, గేటు దగ్గరే విప్పండి. ఆడపిల్లల జడను వలలో పెట్టి హెల్మెట్ కిందికి నెట్టండి. చెవి లోలాకులు, గాజులు, చున్నీ ఇంట్లో పెట్టి రండి. పగ్గానికి చిక్కితే ప్రమాదం. హెల్మెట్ పట్టీ బిగించకుండా ఎక్కనీయొద్దు. డ్రెస్సేజ్‌లో పెద్దవాళ్లు పెట్టుకునే పొడుగాటి టోపీ కూడా 2021 నుంచి అంతర్జాతీయ పోటీల్లో పోయింది, అందరికీ హెల్మెట్టే.

జంపింగులో ముస్తాబుకు మార్కులుండవు, కర్ర పడిందా లేదా అన్నదే లెక్క. డ్రెస్సేజ్‌లో నడకకే మార్కులు. ముస్తాబునే చూసే పోటీలు వేరే ఉన్నాయి. అయినా అన్నింటికీ ఒకేలా తయారుచేస్తాం. చక్కగా తయారైన గుర్రాన్ని చూడగానే దాని వెనక రోజూ పనిచేసే చెయ్యి ఉందని జడ్జికి తెలుస్తుంది.

మేళ్లచెరువు జాతరలో

ఊరికొచ్చాక ఇదే విద్య ఎడ్లకూ పనికొచ్చింది. మా జిల్లా మేళ్లచెరువులో శివరాత్రి జాతరకు ఎడ్ల పందేలు జరుగుతాయి. పళ్లను బట్టి విభాగాలు: పాలపళ్లు, రెండు పళ్లు, నాలుగు, ఆరు, ఆపైన పెద్దవి. బండలాగుడులో అందానికి బహుమతి లేదు. అయినా ఒక్క రైతూ మాసిన జతను తీసుకురాడు. ఒంగోలు జాతి ప్రదర్శనల్లో అయితే జడ్జి చూసేవి వేరు: తెల్లటి ఒళ్లు, కంటి చుట్టూ కాటుక పెట్టినట్టు నలుపు, నల్లటి ముట్టె, నల్లటి డెక్కలు, తోక చివర నల్ల కుచ్చు, నిండైన మూపురం, మడతలుగా వేలాడే గంగడోలు, మొదలు దగ్గర లావుగా ఉండే పొట్టి కొమ్ములు. 2002లో హైదరాబాద్‌లో జాతీయ క్రీడలు జరిగినప్పుడు చిహ్నంగా పెట్టుకున్న ‘వీర’ ఈ ఒంగోలు గిత్తే.

కాలువలో కడిగి వరిగడ్డి చుట్టతో రుద్దడం మా నాన్న నుంచి వచ్చింది. కొమ్ములకు పలుచగా ఆముదం రాస్తాను. గాజుపెంకుతో కొమ్ము గీకి నున్నగా చేసేవాళ్లున్నారు. కొమ్ము లోపల నెత్తురున్న ఎముక ఉంటుంది, అతిగా గీకితే అక్కడిదాకా పోతుంది. ఒళ్లు తెల్లగా కనబడాలని బట్టల నీలిమందు పోయడం, కొమ్ములకు ఎనామిల్ రంగు వేయడం నాకు నచ్చవు. మెడలో గజ్జెలు, పూసల దండలు, కొమ్ములకు ఇత్తడి కుప్పెలు ఊరేగింపులో ముచ్చటగానే ఉంటాయి. బండకు కట్టే ముందు తీసేయడం మేలు. చర్నాకోల వాతలు తేలిన ఒంటికి ఏ అలంకారమూ నిలవదు.

గుర్రాల ప్రపంచంలోనూ ముస్తాబుకూ హింసకూ మధ్య గీతను ఇప్పుడు గట్టిగా గీశారు. ముఖం నున్నగా కనబడాలని మూతి మీద, కళ్ల చుట్టూ ఉండే పొడుగాటి మీసాలను మేమూ ఒకప్పుడు గొరిగేవాళ్లం. ఆ మీసాలతోనే గుర్రం తన మూతి కిందున్న గడ్డినీ, చీకట్లో తొట్టి అంచునూ తెలుసుకుంటుంది. అంతర్జాతీయ ఈక్వెస్ట్రియన్ సమాఖ్య 2021 జూలై 1 నుంచి వాటిని గొరగడాన్ని నిషేధించింది. గొరిగిన గుర్రాన్ని ఆ పోటీల్లో దిగనివ్వరు. మంచి నిర్ణయం. ముస్తాబు జంతువుకు అడ్డం కాకూడదు.

షో రింగు చూసే అవకాశం మన ప్రాంతంలో చాలామందికి రాకపోవచ్చు. పెళ్లి బరాత్ మాత్రం అందరి వీధిలోకీ వస్తుంది. అందుకే చివరగా ఒక్క మాట. పెళ్లికి గుర్రాన్ని మాట్లాడేటప్పుడు జరీ గుడ్డ, అద్దాల జీను చూసి మురిసిపోకండి. జీను ఒకసారి ఎత్తి చూపించమనండి. వీపు మీద పుండు, కడుపు పట్టీ కింద ఒరుపు, పెదాల మూలల్లో గాయం, పగిలిన గిట్ట, వీటిలో ఏది కనిపించినా ఆ గుర్రం వద్దని చెప్పండి. నీళ్లు పెట్టారా అని అడగండి. దాని చెవుల పక్కన టపాకాయలు కాల్చొద్దు. ఎక్కువమంది ఇలా అడగడం మొదలుపెడితే గుర్రాల యజమానులు జరీకి పెట్టే డబ్బులో కొంత దాణాకూ నాడాలకూ పెడతారు.