మీటల ఫోనులో మన అక్షరము

బాసరలో గోదావరి తీరమున, జ్ఞానసరస్వతి సన్నిధిని తల్లిదండ్రులు పసిబిడ్డల చేయి పట్టి తొలి అక్షరము దిద్దింతురు. అచట నిలిచిన పెద్దల అంగీ జేబులలోను, కొంగుముడులలోను మరియొక చిన్న పలక తరచు కానవచ్చును. అది మీటల ఫోను. పలుచనిది, వెల స్వల్పము. ఒకమారు ఛార్జి చేసిన కొన్ని దినములు పనిచేయును. గల్ఫు దేశములకు పోయిన కొడుకు మాట, ఇంట బీడీలు చుట్టుకొను తల్లికి వినిపించునది ఇదియే.

మన దేశమున తొలి మొబైల్ సంభాషణ 1995 జులై 31న కలకత్తా, ఢిల్లీ నగరముల నడుమ జరిగినది. ఆనాడు పిలిచినవారే కాక, పిలుపు నందుకొన్నవారును రుసుము చెల్లింపవలసి యుండెను. 2003లో అందుకొనువారి రుసుము తొలగినది. ఆ యేడే టార్చిదీపము గల నోకియా 1100 వెలువడి, ప్రపంచమున 25 కోట్లకు పైగా అమ్ముడయినది. మాటలాడుటకు చదువు అక్కరలేదు గనుక ఇట్టి ఫోను పామరునకును సొంతమైనది.

చిక్కు మాటలో లేదు, వ్రాతలో కలదు. ఒక సందేశమునకు కేటాయించిన చోటు 1,120 బిట్లు. బిట్టు అనగా సున్నయో, ఒకటియో పట్టు గడి. ఆంగ్ల అక్షరమునకు 7 గడులు చాలును గనుక 160 అక్షరములు పట్టును. తెలుగునకు 16 గడులు వలయును. పట్టునవి 70 సంకేతములే. పైగా ‘సరస్వతి’ మన కంటికి నాలుగక్షరములు. యంత్రమునకు ఏడు సంకేతములు. పొల్లు వేరు, వత్తు వేరు, గుడి వేరు. కనుక కొంచెము పొడవైన తెలుగు వార్త రెండు మూడు సందేశములు కావచ్చును; అపుడు పంపువారికి వ్యయము హెచ్చవచ్చును. తెలుగు లిపి లేని పాత ఫోనులలో నైతే అక్షరములకు బదులు ఖాళీ డబ్బాలు కనిపించును. దేశమున అమ్మబడు ఫోనులు భారతీయ లిపుల సందేశములను చూపవలెనని 2016లో కేంద్ర ప్రభుత్వము ఆదేశించినది.

ఇది భాషాభిమానమునకు సంబంధించిన విషయము మాత్రమే కాదు. 2022 మార్చిలో రిజర్వు బ్యాంకు ప్రారంభించిన యూపీఐ 123పే వలన మీటల ఫోనుతోడను సొమ్ము పంపవచ్చును. బ్యాంకు పంపిన రహస్యసంఖ్య ప్రక్కనే, దీనిని ఎవ్వరికిని చెప్పవలదన్న హెచ్చరిక యుండును. అది ఆంగ్లమున నున్నచో ఆ తల్లికి అంకెలు మాత్రమే తెలియును. ఇంతలో అపరిచితుడొకడు చక్కని తెలుగులో ‘అమ్మా, ఆ అంకెలు చెప్పు’ మనును. ఆమె చెప్పును. కొడుకు పంపిన సొమ్ము పోవును.

కనుక ఫోను కొనునపుడు అంగడిలోనే ఒక తెలుగు సందేశము తెప్పించుకొని చదివి చూడుడు. మీ సిమ్ముతో అది పనిచేయునో లేదో విచారింపుడు; జియో వంటి సంస్థకు రెండవ తరము సేవ లేదు. తెలుగున సందేశములు పంప వీలగునా యని బ్యాంకువారిని అడుగుడు. అన్నిటికంటె ముఖ్యము, ఇంట చదువుకొన్న పిల్లలు ఒక సాయంకాలము అవ్వ చెంత కూర్చుండి, ఏ సంఖ్య దేనికో, దేనిని ఎవ్వరికిని చెప్పరాదో నేర్పవలెను. అక్షరము దిద్దించిన పెద్దలకు పిన్నలు తీర్చదగిన ఋణమిది.