భాగం 9 : తీవ్ర వైరస్ వ్యాధుల్లో రోగనిరోధక సంకేతాలు

9.0 లక్ష్యాలు

ఈ భాగం చదివిన తరవాత మీరు :

- వైరస్ సోకిన కణం పంపే తొలి సంకేతాలు ఎలా పనిచేస్తాయో వివరించగలుగుతారు.
- ఇంటర్‌ఫెరాన్, ఇంటర్‌ల్యూకిన్-6 చేసే పనుల్లోని భేదాన్ని చెప్పగలుగుతారు.
- ఒకే మందు జబ్బులోని ఒక దశలో మేలు, మరొక దశలో కీడు ఎందుకు చేస్తుందో విశ్లేషించగలుగుతారు.
- కొవిడ్, డెంగీ వ్యాధుల్లో ప్రమాద దశ ఎప్పుడు మొదలవుతుందో గుర్తించగలుగుతారు.

9.1 విషయ పరిచయం

తెలంగాణలో మొదటి కొవిడ్ కేసు 2020 మార్చి 2న బయటపడింది. ఆ రోగికి సికింద్రాబాద్‌లోని గాంధీ ఆసుపత్రిలో చికిత్స జరిగింది. ఆ తరవాత ఏడాదిన్నర కాలంలో మనలో చాలామంది ఒక వింతను దగ్గరనుంచి చూశాం. ఒకే ఇంట్లో నలుగురికి ఒకే వారంలో వైరస్ సోకేది. ఒకరికి జలుబైనా వచ్చేది కాదు. ఇంకొకరు మూడు రోజుల జ్వరంతో లేచి తిరిగేవారు. మరొకరికి ఎనిమిదో రోజున ఆయాసం మొదలై, ఇంటివాళ్లు ఆక్సిజన్ పడక కోసం ఊరంతా తిరగాల్సి వచ్చేది.

వైరస్ ఒకటే అయినప్పుడు ఫలితం ఎందుకు వేరైంది? వయసు, మధుమేహం, ఊబకాయం వంటివి కొంతవరకు కారణాలు. అవి మాత్రమే చాలవు. వైరస్‌ను చూసి శరీరం తనలో తాను పంపుకొనే సంకేతాలు ఎప్పుడు మొదలయ్యాయి, ఎంత జోరుగా సాగాయి, ఎప్పుడు ఆగాయి అన్నవి కూడా ప్రాణాన్ని నిర్ణయిస్తాయి.

ఈ రచయిత మన్సూరాబాద్ వాసి. 2021 వేసవిలో మా వీధి చివర మందుల దుకాణం దగ్గర రోజూ ఒక దృశ్యం కనిపించేది. జ్వరం వచ్చి ఒకటి రెండు రోజులైనా కానివారు ఫోన్‌లో వాట్సాప్ చీటీ చూపించి స్టెరాయిడ్ మాత్రలు కొనుక్కునేవారు. అవే మాత్రలు ఆసుపత్రిలో ఎందరి ప్రాణాలనో నిలబెడుతున్నాయి. మరి ఇంట్లో అవి ఎందుకు ముప్పు తెచ్చాయి? ఈ భాగం పూర్తయ్యేసరికి దీనికి జవాబు మీరే చెప్పగలగాలి.

9.2 సంకేతాలు అంటే ఏమిటి?

మన కణాలు ఒకదానితో మరొకటి రసాయనాల ద్వారా మాట్లాడుకుంటాయి. రోగనిరోధక వ్యవస్థకు చెందిన ఈ సంకేత ప్రోటీన్లను సైటోకైన్లు అంటారు. ఒక కణం సైటోకైన్‌ను విడుదల చేస్తుంది. దానికి తగిన గ్రాహకం ఉన్న మరో కణం దాన్ని అందుకొని తన ప్రవర్తన మార్చుకుంటుంది. తాళంచెవి సరిపోయిన తాళం మాత్రమే తెరుచుకుంటుంది కదా, ఇదీ అంతే.

ఈ భాగంలో మనకు ముఖ్యమైనవి రెండు వరసల సంకేతాలు. మొదటి వరస వైరస్ సంఖ్య పెరగకుండా ఆపుతుంది. రెండో వరస రక్షక కణాలను పిలిచి వాపు పుట్టిస్తుంది. మట్టిగోడల ఇంటికి నిప్పంటుకున్నప్పుడు ఇరుగుపొరుగును హెచ్చరించే కేక మొదటిదైతే, బిందెలతో నీళ్లు కుమ్మరించడం రెండోది. నీళ్లు అవసరమే. కాని నిప్పు ఆరిన తరవాత కూడా కుమ్మరిస్తూ పోతే గోడలే కూలిపోతాయి.

9.3 తొలి సంకేతం : ఇంటర్‌ఫెరాన్

1957లో లండన్‌లో అలిక్ ఐజాక్స్, జాన్ లిండెన్‌మన్ అనే శాస్త్రజ్ఞులు కోడిగుడ్డు పిండపు పొరలతో ఒక ప్రయోగం చేశారు. వేడితో నిర్వీర్యం చేసిన ఇన్‌ఫ్లుయెంజా వైరస్‌ను ఆ పొరలకు తగిలించగా, వాటినుంచి ఒక పదార్థం వెలువడింది. ఆ పదార్థం తగిలిన కొత్త పొరల్లో సజీవ వైరస్ సరిగా పెరగలేకపోయింది. వైరస్ పనికి అడ్డు తగులుతుంది కనక దానికి ఇంటర్‌ఫెరాన్ అని పేరు పెట్టారు.

ఇది పనిచేసే క్రమం ఇలా ఉంటుంది :

1. వైరస్ కణంలోకి చేరి తన ఆర్.ఎన్.ఎ.ను బయటపెడుతుంది. టి.ఎల్.ఆర్.-3, టి.ఎల్.ఆర్.-7, రిగ్-ఐ వంటి గ్రాహకాలు ఆ పరాయి ఆర్.ఎన్.ఎ.ను గుర్తుపడతాయి.
2. ఆ వార్త ఐ.ఆర్.ఎఫ్.-3, ఐ.ఆర్.ఎఫ్.-7 అనే ప్రోటీన్ల ద్వారా కేంద్రకానికి చేరుతుంది. కణం మొదటి తరగతి ఇంటర్‌ఫెరాన్లను తయారుచేసి బయటికి వదులుతుంది.
3. పక్క కణాలు వాటిని అందుకొని వందలాది జన్యువులను మేలుకొలుపుతాయి. వాటి ప్రోటీన్లలో కొన్ని వైరస్ ఆర్.ఎన్.ఎ.ను ముక్కలు చేయిస్తాయి, కొన్ని కణంలో ప్రోటీన్ల తయారీనే ఆపివేస్తాయి. వైరస్ వచ్చేసరికి అక్కడ పెరగడానికి వీలు ఉండదు.

ఇక్కడ కాలం ముఖ్యం. కొవిడ్ వైరస్‌కు ఇంటర్‌ఫెరాన్ తయారీని అణచివేసే ప్రోటీన్లు ఉన్నాయి. కేక వినబడటం ఆలస్యమైతే ఆ వ్యవధిలో వైరస్ విపరీతంగా పెరిగిపోతుంది.

ఈ సంకేతం లోపిస్తే ఏమవుతుందో 2020లో సైన్స్ పత్రికలో వెలువడిన పరిశోధనలు చూపించాయి. ప్రాణాపాయ స్థితికి చేరిన 987 మంది కొవిడ్ రోగుల రక్తాన్ని పరీక్షించగా, కనీసం 101 మందిలో తమ సొంత ఇంటర్‌ఫెరాన్‌ను పనిచేయనివ్వని ప్రతిరక్షకాలు కనిపించాయి. వారిలో 95 మంది పురుషులు. జబ్బు లక్షణాలు లేనివారు, స్వల్పంగా ఉన్నవారు 663 మందిని పరీక్షిస్తే ఒక్కరిలోనూ ఇవి లేవు. మరికొందరు తీవ్ర రోగుల్లో టి.ఎల్.ఆర్.-3, ఐ.ఆర్.ఎఫ్.-7 మార్గానికి చెందిన జన్యులోపాలు బయటపడ్డాయి. అంటే పైకి ఆరోగ్యంగా కనిపించే మనిషిలో కూడా తొలి సంకేతం మూగబోయి ఉండవచ్చు.

> మీ ప్రగతిని సమీక్షించుకోండి
> గమనిక : మీ జవాబులను ఈ భాగం చివర ఇచ్చిన జవాబులతో సరిచూసుకోండి.
> 1. ఇంటర్‌ఫెరాన్ వైరస్‌ను నేరుగా చంపుతుందా?
> 2. ఇంటర్‌ఫెరాన్‌పై ప్రతిరక్షకాలు ఉన్నవారికి ముప్పు ఎందుకు ఎక్కువ?

9.4 రెండో వరస : ఇంటర్‌ల్యూకిన్-6, టి.ఎన్.ఎఫ్.

తొలి కట్టడి విఫలమైతే రక్షక కణాలకు ఎక్కువ వైరస్, ఎక్కువ మృతకణాలు ఎదురవుతాయి. అవి ఇంటర్‌ల్యూకిన్-6, టి.ఎన్.ఎఫ్. వంటి సైటోకైన్లను విడుదల చేస్తాయి. ఇవి శత్రువులు కావు. మెదడులోని హైపోథలామస్‌కు వార్త చేరి జ్వరం రావడానికి, రక్షక కణాలు రక్తనాళాల గోడలు దాటి జబ్బు ఉన్నచోటికి చేరడానికి ఇవి అవసరం. ఇంటర్‌ల్యూకిన్-6 అందుకొన్న కాలేయం సి-రియాక్టివ్ ప్రోటీన్‌ను తయారుచేస్తుంది. 2020, 2021లలో రక్తపరీక్ష కాగితంలో మనమంతా వెతికిన "సి.ఆర్.పి." అదే. ఆ అంకె వైరస్‌ను కొలవదు. శరీరంలో రెండో వరస సంకేతం ఎంత జోరుగా ఉందో చెబుతుంది.

ఈ సంకేతాలు ఆగకుండా సాగితే ఊపిరితిత్తుల్లోని రక్తకేశనాళికల గోడలు వదులై, ద్రవం వాయుగోణుల్లోకి చేరుతుంది. ఆక్సిజన్ రక్తంలోకి వెళ్లే దారి మూసుకుపోతుంది. రక్తం గడ్డకట్టే గుణమూ పెరుగుతుంది. న్యూయార్క్‌లో ఆసుపత్రిలో చేరిన 1,484 మంది కొవిడ్ రోగులను పరిశీలించిన 2020 నాటి అధ్యయనంలో, చేరిన సమయానికి ఇంటర్‌ల్యూకిన్-6, టి.ఎన్.ఎఫ్. స్థాయులు ఎక్కువగా ఉన్నవారు బతికే అవకాశం తక్కువని తేలింది. వయసు, ఇతర జబ్బులు లెక్కలోకి తీసుకొన్నా ఈ సంబంధం నిలిచింది.

దీన్ని పత్రికలు "సైటోకైన్ తుఫాను" అని పిలిచాయి. ఆ మాటను కొంత జాగ్రత్తగా వాడాలి. చాలామంది కొవిడ్ రోగుల్లో ఇంటర్‌ల్యూకిన్-6 స్థాయి, కొన్ని క్యాన్సర్ కణచికిత్సల తరవాత కనిపించే స్థాయికంటే ఎంతో తక్కువ. సంకేతం ఎంత ఎత్తుకు లేచిందన్నదే కాక, ఎన్నాళ్లు దిగకుండా నిలిచిందన్నదీ చూడాలి.

9.5 రోజుల లెక్క : ఒకే మందు, రెండు ఫలితాలు

డెక్సామెథసోన్ చవకగా దొరికే పాత స్టెరాయిడ్. ఇది రెండు వరసల సంకేతాలనూ అణచుతుంది. బ్రిటన్‌లో జరిగిన రికవరీ ప్రయోగంలో 2,104 మందికి రోజుకు 6 మిల్లీగ్రాముల చొప్పున 10 రోజుల వరకు ఈ మందు ఇచ్చి, సాధారణ చికిత్స పొందిన 4,321 మందితో పోల్చారు. మొదటి ఫలితాలు 2020 జూన్‌లో వెలువడ్డాయి.

పట్టిక 9.1 : 28 రోజుల్లో మరణించినవారు (శాతం)

| చేరినప్పటి స్థితి | డెక్సామెథసోన్ | సాధారణ చికిత్స |
|---|---|---|
| వెంటిలేటర్ మీద ఉన్నవారు | 29.3 | 41.4 |
| ఆక్సిజన్ మాత్రమే అవసరమైనవారు | 23.3 | 26.2 |
| ఆక్సిజన్ అవసరం లేనివారు | 17.8 | 14.0 |

పట్టికను పైనుంచి కిందికి చదవండి. జబ్బు ముదిరినవారిలో మేలు ఎక్కువ, మధ్య వరసలో మేలు తక్కువ. ఆక్సిజన్ అవసరం లేనివారిలో మేలు కనబడకపోగా మరణాల శాతం కొంత ఎక్కువగా ఉంది. ఈ చివరి తేడా యాదృచ్ఛికంగా వచ్చి ఉండే అవకాశాన్ని గణాంకాలు తోసిపుచ్చలేవు. అయినా వీరికి ఆ మందు ఇవ్వడానికి ఆధారం లేదని స్పష్టమైంది. తొలి రోజుల్లో వైరస్ పెరుగుతోంది, కనక అప్పుడు కేక వినబడాలి. ఆ సమయంలో స్టెరాయిడ్ ఇస్తే కేక వేసే గొంతునే నొక్కినట్లవుతుంది. తరవాతి రోజుల్లో నష్టం చేస్తున్నది ఎక్కువగా వాపు కనక అదే మందు ప్రాణం నిలుపుతుంది.

ఒక్క ఇంటర్‌ల్యూకిన్-6 గ్రాహకాన్నే అడ్డగించే టొసిలిజుమాబ్‌నూ ఇదే ప్రయోగంలో పరీక్షించారు. ఆక్సిజన్ తగ్గి, సి.ఆర్.పి. పెరిగిన 4,116 మందిలో ఆ మందు పొందినవారి మరణాలు 31 శాతం, పొందనివారిలో 35 శాతం. సరైన రోగిని, సరైన దశను ఎంచుకోవడంవల్లే ఈ ఫలితం వచ్చింది.

ఇంటర్‌ఫెరాన్ విషయంలో లెక్క తిరగబడుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ నిర్వహించిన సాలిడారిటీ ప్రయోగంలో, ఆసుపత్రిలో చేరిన రోగులకు ఇంటర్‌ఫెరాన్ బీటా ఇచ్చినా మరణాలు తగ్గలేదు. తరవాత టుగెదర్ ప్రయోగంలో లక్షణాలు మొదలైన 7 రోజుల్లోపు ఇంటర్‌ఫెరాన్ లామ్డా ఒక్క మోతాదు ఇచ్చారు. ఆసుపత్రిలో చేరవలసి వచ్చినవారు, అత్యవసర విభాగంలో ఎక్కువసేపు ఉండవలసి వచ్చినవారు కలిపి 2.7 శాతం. ఉత్తుత్తి మందు పొందినవారిలో అది 5.6 శాతం. ఈ రెండూ వేర్వేరు తరగతుల ఇంటర్‌ఫెరాన్లు, రెండు ప్రయోగాలూ కొలిచిన ఫలితాలు కూడా వేరు. కాబట్టి నేరుగా పోల్చలేం. అయినా తొలి సంకేతానికి తొలి రోజుల్లోనే విలువ అన్న సూత్రంతో ఇవి సరిపోతాయి.

9.6 తప్పిన లెక్కకు మూల్యం

ఇప్పుడు మందుల దుకాణం దగ్గరికి తిరిగి వద్దాం. రెండో రోజునే స్టెరాయిడ్ వేసుకొన్న మనిషికి జ్వరం తగ్గుతుంది, ఒంట్లో హుషారు వస్తుంది. జ్వరం తగ్గింది కనక జబ్బు తగ్గిందనుకుంటారు. నిజానికి తగ్గింది సంకేతం మాత్రమే, వైరస్ పని ఆగలేదు. పైగా స్టెరాయిడ్ రక్తంలో చక్కెరను పెంచుతుంది, బూజును మింగివేసే రక్షక కణాలను బలహీనపరుస్తుంది.

2021 మే నెలలో మ్యూకర్‌మైకోసిస్, అంటే మనం బ్లాక్ ఫంగస్ అన్న జబ్బు, ఈ దారిలోనే విజృంభించింది. అదుపులేని మధుమేహం, అతిగా వాడిన స్టెరాయిడ్లు దీనికి ముఖ్య కారణాలుగా తేలాయి. తెలంగాణ ప్రభుత్వం ఆ నెలలోనే దీన్ని తప్పనిసరిగా తెలియజేయవలసిన జబ్బుగా ప్రకటించింది. కోఠిలోని ప్రభుత్వ ఇ.ఎన్.టి. ఆసుపత్రిని దీని చికిత్సకు ప్రధాన కేంద్రం చేసింది. కొవిడ్‌నుంచి బయటపడినవారు కొందరు అక్కడ కన్ను పోగొట్టుకొన్నారు, కొందరు ప్రాణమే పోగొట్టుకొన్నారు.

9.7 డెంగీ : జ్వరం తగ్గినప్పుడే జాగ్రత్త

కొవిడ్ పాఠాన్ని మరో జబ్బుకు యథాతథంగా అన్వయించకూడదు. వానలు పడ్డ తరవాత మన కాలనీల్లో ఏటా వచ్చే డెంగీనే తీసుకోండి. డెంగీ వైరస్ నాలుగు రకాలు. ఒక రకం సోకి తగ్గిన తరవాత వేరొక రకం సోకితే, పాత ప్రతిరక్షకాలు కొత్త వైరస్‌ను పూర్తిగా అడ్డుకోలేక, దాన్ని రక్షక కణాల్లోకి చేర్చే వాహనంగా మారవచ్చు. అందుకే రెండోసారి వచ్చిన డెంగీలో తీవ్రత ఎక్కువగా ఉండే అవకాశం ఉంది.

తీవ్ర డెంగీలో సైటోకైన్ల ప్రభావంతో రక్తనాళాల గోడలు వదులై ప్లాస్మా బయటికి కారుతుంది. ఇది సాధారణంగా జ్వరం తగ్గుముఖం పట్టే 3నుంచి 7 రోజుల మధ్య జరుగుతుంది. ఇంటివాళ్లు ప్లేట్‌లెట్ల సంఖ్య ఒక్కటే అడుగుతుంటారు. వైద్యుడు హిమటోక్రిట్ కూడా చూస్తాడు. ప్లాస్మా కారిపోతే రక్తం చిక్కబడి ఆ అంకె పెరుగుతుంది. జ్వరం తగ్గిన రోజున తీవ్రమైన కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్లనుంచి రక్తం, మగత లేదా అస్థిమితం కనిపిస్తే వెంటనే ఆసుపత్రికి చేర్చాలి. సకాలంలో, తగుమోతాదులో ద్రవాలు ఎక్కించడమే ఇక్కడ ప్రాణం నిలిపే చికిత్స. స్టెరాయిడ్లవల్ల డెంగీలో మేలు జరిగినట్లు రుజువు కాలేదు. ఆస్పిరిన్, ఐబుప్రోఫెన్ వాడితే రక్తస్రావం ముప్పు పెరుగుతుంది.

9.8 సారాంశం

తీవ్ర వైరస్ వ్యాధిలో ప్రాణాన్ని నిర్ణయించేది వైరస్ ఒక్కటే కాదు. ఇంటర్‌ఫెరాన్ సంకేతం తొందరగా రావాలి, వాపు సంకేతాలు సమయానికి దిగాలి. తొలి సంకేతం ఆలస్యమైతే వైరస్ పెరుగుతుంది, మలి సంకేతం ఆగకపోతే శరీరమే దెబ్బతింటుంది. కనక చికిత్సలో "ఏ మందు?" అన్న ప్రశ్నతోపాటు "ఎన్నో రోజు? ఏ స్థితిలో?" అన్న ప్రశ్నలు వేయాలి. మీ ఇంట్లో ఎవరికైనా జ్వరం వస్తే అది మొదలైన తేదీని కాగితం మీద రాసి పెట్టండి. వైద్యుడు మొదట అడిగే ప్రశ్నల్లో అదొకటి.

9.9 మీ ప్రగతిని సమీక్షించుకోండి : జవాబులు

1. చంపదు. పక్క కణాలు వైరస్‌ను పెరగనివ్వని స్థితికి మారేట్లు హెచ్చరిస్తుంది.
2. వారి ఇంటర్‌ఫెరాన్ గ్రాహకాలను చేరకముందే ప్రతిరక్షకాలు దాన్ని అడ్డుకుంటాయి. అందువల్ల వైరస్ తొలి రోజుల్లో కట్టడి లేకుండా పెరుగుతుంది.

9.10 నమూనా పరీక్ష ప్రశ్నలు

I. కింది ప్రశ్నలకు 30 పంక్తుల్లో జవాబులు రాయండి.
1. వైరస్ సోకిన కణంనుంచి ఇంటర్‌ఫెరాన్ సంకేతం వెలువడి పనిచేసే క్రమాన్ని వివరించండి.
2. పట్టిక 9.1 ఆధారంగా, స్టెరాయిడ్ ఇవ్వడంలో సమయ ప్రాధాన్యాన్ని చర్చించండి.

II. కింది ప్రశ్నలకు 10 పంక్తుల్లో జవాబులు రాయండి.
1. సి.ఆర్.పి. పరీక్ష మనకు ఏమి తెలుపుతుంది?
2. డెంగీలో జ్వరం తగ్గిన దశను ప్రమాద దశ అని ఎందుకంటారు?