సంతకం పెట్టని పది దేశాలు

2022 మే 30న ఫిజీ రాజధాని సువాలో ఒక సమావేశం జరిగింది. చైనా విదేశాంగ మంత్రి వాంగ్ యీ స్వయంగా వచ్చి కూర్చున్నారు. పసిఫిక్ మహాసముద్రంలోని పది చిన్న దేశాల ప్రతినిధులు, ఎక్కువమంది వీడియో ద్వారా, పాల్గొన్నారు. ఒప్పంద పత్రం అప్పటికే తయారై ఉంది. పోలీసులకు శిక్షణ, సైబర్ భద్రత, సముద్రాన్ని సర్వే చేసి పటాలు గీయడం, వ్యాపారం, అన్నీ అందులో ఉన్నాయి. దానితోపాటు ఐదేళ్ల కార్యాచరణ ప్రణాళిక కూడా. పది దేశాలూ తలూపితే ఆ రోజే ఉమ్మడి ప్రకటన వెలువడేది. కాని వెలువడలేదు.

చాలా వార్తల్లో ఇది అమెరికా, చైనాల పోటీలో ఒక ఘట్టంగానే వచ్చింది. చైనా ఓడింది, అమెరికా ఊపిరి పీల్చుకుంది అన్నారు. ఆ పది దేశాలు తమకోసం తాము ఏం చేశాయో చెప్పినవాళ్లు తక్కువ.

ఈ దీవుల సంగతి మనకెందుకు అనుకునే పాఠకులకు ఒక మాట. 1805లో విశాఖపట్నంలో పనిచేయడానికి వచ్చిన లండన్ మిషన్, అంతకు కొన్నేళ్ల ముందే 1797లో తాహితి దీవికి ఓడను చేర్చింది. 1830లో సమోవాకు వెళ్లింది. మన కడప సంఘాలకూ సమోవా సంఘాలకూ ఒకే తల్లి అని చెప్పినా తప్పులేదు. ఫిజీలో అయితే మనవాళ్లే ఉన్నారు. 1903 నుంచి 1916 వరకు చెరకు తోటల్లో పని చేయడానికి మద్రాసు రేవు నుంచి ఓడలెక్కిన కూలీలలో తెలుగువారూ ఉన్నారు. వారి సంతతి ఈనాటికీ అక్కడే ఉంది.

ఈ దేశాలను చిన్నవి అనేముందు ఒక లెక్క చూడాలి. కిరిబాటి భూభాగం 811 చదరపు కిలోమీటర్లు. మన మండలాలు నాలుగైదు కలిపితే వచ్చేంత. జనాభా లక్ష పైచిలుకు. కాని ఆ దేశానికి హక్కున్న సముద్రం సుమారు 34 లక్షల చదరపు కిలోమీటర్లు, అంటే భారతదేశ భూభాగం కంటే కాస్త ఎక్కువే. ఆ నీళ్లలో ట్యూనా చేపలున్నాయి. ఆ నీళ్లమీదుగా యుద్ధనౌకలు వెళ్లాలి. ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభలో కిరిబాటికి ఒక ఓటుంది, చైనాకూ ఒక్కటే ఓటుంది. పెద్ద దేశాలు ఇక్కడికి ఊరికే రావు.

అవి రావడం కొత్తా కాదు. 1946 ఫిబ్రవరిలో ఒక ఆదివారం, మార్షల్ దీవుల్లోని బికినిలో ఆరాధన ముగిసిన తరువాత, అమెరికా నౌకాదళ అధికారి కమడోర్ బెన్ వయట్ ఆ ప్రజలను కూర్చోబెట్టి మాట్లాడాడు. వారిని ఇశ్రాయేలీయులతో పోల్చాడు. మానవజాతి మేలుకోసం, యుద్ధాలన్నిటినీ ఆపడంకోసం, కొంతకాలం దీవి విడిచి వెళ్లమని అడిగాడు. భక్తిగల జనం, సరే అన్నారు. 167 మంది వెళ్లిపోయారు. వారిని దించిన రొంగెరిక్ దీవిలో తిండి చాలక ఆకలితో అలమటించారు. 1958 వరకు మార్షల్ దీవుల్లో అమెరికా 67 అణు పరీక్షలు జరిపింది. 1954 మార్చి 1న పేల్చిన బాంబు హిరోషిమా బాంబు కంటే దాదాపు వెయ్యిరెట్లు పెద్దది. బికిని ప్రజల మనుమలు, మునిమనుమలు ఇప్పటికీ ఆ దీవికి తిరిగి వెళ్లి స్థిరపడలేకపోయారు. బైబిలు మాటలను అలా వాడుకోవడం నన్ను ఆ బాంబు కంటే తక్కువగా ఏమీ బాధించదు.

ఆ అధికారి అడిగాడనే మనం అంటున్నాం. కాని అడిగే ముందే నిర్ణయం అయిపోయింది. ఆ 167 మందికి సలహా చెప్పే పొరుగువాడు పక్కన లేడు. ఆలోచించుకోవడానికి గడువూ ఇవ్వలేదు.

పసిఫిక్ నాయకులు 1971లో ఒక వేదిక పెట్టుకోవడానికి ఇలాంటి అనుభవాలే కారణం. అంతకుముందు వలస పాలకులు నెలకొల్పిన కమిషన్‌లో రాజకీయాలు మాట్లాడనిచ్చేవారు కాదు. ఫ్రాన్స్ మొరురోవాలో అణు పరీక్షలు జరుపుతున్నా ఆ బల్లదగ్గర ఆ మాట ఎత్తకూడదు. అందుకని స్వతంత్రమైన దీవులు కొన్ని, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్‌లతో కలిసి వేరే వేదిక ఏర్పరచుకున్నాయి. దాన్నే ఇప్పుడు పసిఫిక్ దీవుల ఫోరం అంటున్నారు. సభ్యదేశాలు 18. 1985లో ఆ ఫోరమే రారొటోంగా ఒడంబడిక ద్వారా దక్షిణ పసిఫిక్‌ను అణ్వాయుధాలు లేని ప్రాంతంగా ప్రకటించింది.

కలిసి నిలబడితే ఏమవుతుందో చేపల విషయంలో బాగా తెలిసింది. ట్యూనా ఒకచోట ఉండదు, ఈదుకుంటూ దేశాలు దాటుతుంది, కాబట్టి దానిమీద తీరదేశానికి హక్కు లేదని అమెరికా వాదించేది. 1984లో సొలొమోన్ దీవుల ప్రభుత్వం తన నీళ్లలో వేటాడుతున్న జీనెట్ డయానా అనే అమెరికా పడవను పట్టుకుంది. అమెరికా కోపంతో ఆ దేశపు చేపల దిగుమతిని ఆపేసింది. మరుసటి ఏడాది కిరిబాటి సోవియట్ యూనియన్‌తో చేపలవేట ఒప్పందం చేసుకుంది. వాషింగ్టన్‌కు అప్పుడు మెలకువ వచ్చింది. దీవులన్నీ ఒకే పక్షంగా కూర్చుని బేరమాడగా, 1987లో పోర్ట్ మోర్స్‌బీలో ఒడంబడిక కుదిరింది. అమెరికా పడవలు డబ్బు కట్టి వేటాడటం మొదలైంది. తరువాత ట్యూనా ఎక్కువగా ఉన్న ఎనిమిది దేశాలు ఇంకో అడుగు వేశాయి. టన్నుల లెక్క మానేసి, పడవకు రోజుకు ఇంత అని వేటరోజులు అమ్మడం మొదలుపెట్టాయి. రోజుకు కనీస ధర 8,000 డాలర్లు, అంతకు తక్కువకు ఎవరూ అమ్మకూడదు. 2010లో సుమారు 6 కోట్ల డాలర్లుగా ఉన్న ఆదాయం కొన్నేళ్లలోనే 50 కోట్ల డాలర్ల దరిదాపులకు చేరింది. చేపలు అవే, సముద్రమూ అదే. ఒకరి ధరను ఇంకొకరు తగ్గించకపోవడమే తేడా.

ఇక 2022కు వద్దాం. ఆ ఏప్రిల్‌లో సొలొమోన్ దీవులు ఒంటరిగా చైనాతో భద్రతా ఒప్పందం చేసుకున్నాయి. అంతకుముందు నవంబరులో రాజధాని హొనియారాలో అల్లర్లు జరిగి దుకాణాలు తగలబడ్డాయి. ఎవరి సాయం తీసుకోవాలో మా ఇష్టం అని ప్రధాని సొగవారె అన్నారు. ఆ మాట తప్పని అనలేం, సార్వభౌమాధికారం అంటే అదే. కాని ముందే బయటికి పొక్కిన ముసాయిదాలో చైనా పోలీసులు, సైనికులు రావడానికీ, యుద్ధనౌకలు ఆగడానికీ వీలుంది. ఒక ఇంటివాడు తీసిన తలుపు వీధి మొత్తానికి సంబంధించినదైంది.

నెల తిరక్కుండానే పది దేశాలకూ పెద్ద పత్రం వచ్చింది. మైక్రొనేషియా అధ్యక్షుడు డేవిడ్ పనుయెలో తోటి నాయకులకు ఉత్తరం రాసి, దీనివల్ల మనం పెద్దల గొడవలో ఇరుక్కుంటామని హెచ్చరించారు. సమోవా ప్రధాని ఫియామె నవోమి మతాఫా మాట ఇంకా సూటిగా ఉంది: మా ప్రాంతమంతా కూర్చుని మాట్లాడుకోకుండా ప్రాంతీయ ఒప్పందం ఎలా కుదురుతుంది? ఎందుకంటే ఫోరంలో ఆ పది దేశాలే లేవు. తైవాన్‌ను గుర్తించిన నాలుగు దేశాలు అప్పుడు ఉన్నాయి. వాటిని బయట ఉంచి సంతకం పెడితే ఫోరం రెండుగా చీలేది. తమకు ఏకాభిప్రాయమే ముందు అని ఫిజీ ప్రధాని బైనిమరామా ప్రకటించారు. చైనాను ఎవరూ తిట్టలేదు. ఆ పర్యటనలోనే ఎవరికి వారు రోడ్లకు, వైద్యానికి విడి ఒప్పందాలు చేసుకున్నారు కూడా.

ఆహాబు నాబోతును మొదట బెదిరించలేదు. ఇంతకంటే మంచి తోట ఇస్తాను, లేదంటే వెల ఇస్తాను అన్నాడు. చిన్నవాడికి కష్టమైన ఘడియ అదే. బెదిరిస్తే కాదనవచ్చు, మంచి ధర చెబితే కాదనడం కష్టం.

మిత్రులు అడిగినా కష్టమే. 2023 నవంబరులో టువాలు, ఆస్ట్రేలియాతో ఒక ఒడంబడిక చేసుకుంది. సముద్రమట్టం పెరిగి మునిగిపోతున్న ఆ దేశంలో జనం సుమారు పదకొండు వేలు. వారిలో ఏటా 280 మందికి ఆస్ట్రేలియా నివాసమిస్తుంది. నేల మునిగినా టువాలు దేశంగానే ఉంటుందని ఒప్పుకుంటుంది. అందుకు బదులుగా టువాలు వేరే ఏ దేశంతో భద్రతా ఒప్పందం చేసుకోవాలన్నా ఆస్ట్రేలియా కూడా అంగీకరించాలి. పిల్లల భవిష్యత్తు కోసం తండ్రి పెట్టిన సంతకం అది. దాన్ని తప్పుపట్టే ధైర్యం నాకు లేదు. కాని అది పూర్తి స్వేచ్ఛతో పెట్టిన సంతకమని కూడా అనలేను. ఈ నాయకులు 2018లోనే, తమ భద్రతకు అతి పెద్ద ముప్పు వాతావరణ మార్పేనని బోయే ప్రకటనలో రాశారు. పెద్ద దేశాలు ఓడల గురించి మాట్లాడితే, వీరు ఉప్పునీరు ఎక్కిన బావుల గురించి మాట్లాడుతున్నారు.

ఈ ఐక్యత ఎప్పుడూ గట్టిగా ఉందనుకోవద్దు. పదవుల గొడవలో కిరిబాటి 2022 జూలైలో ఫోరం నుంచి బయటికి వెళ్లి, మరుసటి ఏడాది తిరిగి వచ్చింది. 2024 ఆగస్టులో టోంగా సమావేశం ముగిశాక, చైనా ప్రతినిధి అభ్యంతరం చెప్పడంతో, ప్రకటనలో తైవాన్ గురించి ఉన్న వాక్యం మాయమైంది. అది సిగ్గుపడాల్సిన సంగతి.

మరుసటి ఏడాది, 2025 సెప్టెంబరులో, ఫోరం అదే హొనియారాలో కూడింది. ఈసారి ఏటా వచ్చే భాగస్వామ్య దేశాలను పిలవలేదు. చైనాకు ఆహ్వానం లేదు, అమెరికాకు లేదు, తైవాన్‌కూ లేదు. తమ నీళ్లను శాంతి సముద్రంగా చూడాలన్న ప్రకటనను నాయకులు తమలో తామే చర్చించి ఆమోదించారు. ఆస్ట్రేలియా, న్యూజిలాండ్‌లు మాత్రం లోపలే కూర్చున్నాయి, అవి సభ్యదేశాలు కాబట్టి.