చౌక దాణా, చల్లని పాడి

పల్నాడులో పశువుల దాణా చాలావరకు మనిషి పంటల మిగులే. నాగార్జునసాగర్ కుడి కాలువకు 1967లో నీళ్లు వదిలాక ఈ ప్రాంతంలో వరి సాగు పెరిగింది. వరి వెంట బియ్యం మిల్లులు, మిల్లుల వెంట తవుడు వచ్చాయి. నల్లరేగడిలో పండిన పత్తి జిన్నింగు మిల్లు చేరితే దూది ఒక దారిన, గింజ ఒక దారిన పోతాయి. గింజ నుంచి నూనె తీయగా చెక్క మిగులుతుంది. పప్పు మిల్లుల నుంచి కంది, మినుము, పెసర పొట్టు వస్తుంది. పిడుగురాళ్ల చుట్టుపక్కల పల్లెల్లో గేదె తొట్టిలో పడే దాణా ఎక్కువగా ఈ నాలుగైదు సరుకులే.

మనం తినలేని ఈ మిగులును పాలుగా మార్చగలగడం నెమరువేసే పశువుకున్న గొప్ప శక్తి. చిన్న రైతుకు పాడి గిట్టుబాటు కావడానికి ఈ చౌక దాణాయే ఆధారం. అందుకే దీన్ని వద్దనడం తప్పు. అయితే కొనేముందు ప్రతి రైతూ ఒక ప్రశ్న వేసుకోవాలి: ఈ మేత ఎందుకు చౌకగా వస్తోంది? నూనె పిండేశారు గనుక, పొట్టు గనుక ధర తగ్గితే అది పశువుకు మేలైన మేతే. తడిసింది గనుక, బూజు పట్టింది గనుక, ఊక కలిపారు గనుక తగ్గితే మాత్రం ఆ నష్టం పశువు ఒంట్లోనో, మన పిల్లల పాలగ్లాసులోనో తేలుతుంది.

పెద్ద పొట్టలో జరిగేది

గేదె పెద్ద పొట్ట వంద లీటర్ల పైచిలుకు పట్టే పులియబెట్టే తొట్టి. అందులో ఒక్కో మిల్లీలీటరు ద్రవంలో వందల కోట్ల సూక్ష్మజీవులుంటాయి. గడ్డిలోని పీచును విడగొట్టి పశువుకు శక్తినిచ్చేవి అవే. పశువు నిదానంగా నెమరువేస్తూ లాలాజలం మింగుతున్నంతసేపు ఆ ద్రవం పీహెచ్ 6కు పైనే ఉంటుంది.

పిండి పదార్థం ఒక్కసారిగా లోపలికి పోతే ఈ లెక్క తప్పుతుంది. పెళ్లిళ్లలో, జాతరల్లో మిగిలిన అన్నం గంపెడు తెచ్చి గేదె ముందు పోయడం మన పల్లెల్లో మామూలే. ఉడికిన అన్నంలో పిండి సూక్ష్మజీవులకు ఇట్టే అందుతుంది. పీచును అరిగించేవాటిని వెనక్కి నెట్టి, లాక్టిక్ ఆమ్లం పుట్టించే బాక్టీరియా గంటల్లో పెరిగిపోతుంది. పీహెచ్ 5 కంటే కిందికి పడిపోతుంది. చిక్కబడ్డ పొట్టలోకి రక్తంలోని నీరు లాగబడుతుంది. పొట్ట గోడ ఒరుసుకుపోతుంది. మర్నాటికి గేదె మేత ముట్టదు, నెమరువేయదు, పుల్లటి వాసనతో పారుతుంది, కళ్లు గుంటలు పడతాయి, తూలుతుంది, చివరికి కూలబడుతుంది. ఆలస్యమైతే ప్రాణం పోతుంది. నూకలు, మొక్కజొన్న పిండి ఎక్కువైనా ఇదే ప్రమాదం.

కాబట్టి కొత్త దాణా ఏదైనా పది నుంచి పద్నాలుగు రోజుల్లో కొంచెం కొంచెంగా పెంచాలి. సూక్ష్మజీవుల గుంపు మారడానికి అంత వ్యవధి కావాలి. రోజు దాణాను రెండు మూడు పూటలుగా పంచాలి. ముందు వరిగడ్డి, తరువాత దాణా అన్న క్రమం తప్పకూడదు. పశువు గింజల బస్తా మీద పడి తిన్నదని తెలిస్తే లక్షణాల కోసం ఎదురుచూడకుండా వెంటనే పశువైద్యుణ్ణి పిలవాలి. 1962 నంబరుకు ఫోన్ చేస్తే సంచార పశువైద్య వాహనం అందుబాటులో ఉంది.

తవుడు, సున్నపురాయి

మిల్లు నుంచి వచ్చిన పచ్చి తవుడులో 12 నుంచి 18 శాతం దాకా నూనె ఉంటుంది. బియ్యం పట్టిన క్షణం నుంచే అందులోని ఎంజైము ఆ నూనెను విడగొట్టడం మొదలుపెడుతుంది. కొద్ది రోజుల్లోనే తవుడు చేదెక్కి కంపు కొడుతుంది. పచ్చి తవుడును తాజాగా, కొద్దికొద్దిగా వాడాలి. నూనె తీసిన తవుడు ఎక్కువ కాలం నిలుస్తుంది, మాంసకృత్తులు కూడా 14 నుంచి 16 శాతం ఉంటాయి. కొనేటప్పుడు గుప్పెడు తవుడు గ్లాసు నీళ్లలో వేసి కలిపి చూడండి. పైకి తేలే పొరలో ఊక పొలుకులు దండిగా కనిపిస్తే కల్తీ జరిగినట్టే. ఊకను కాలిస్తే దాదాపు ఐదో వంతు బూడిదగా మిగులుతుంది, అందులో అత్యధిక భాగం ఇసుకలో ఉండే సిలికాయే. దానిలో పశువుకు పోషణ లేదు.

తవుడుకున్న మరో లోపం కంటికి కనిపించదు. అందులో భాస్వరం ఒకటిన్నర శాతం దాకా ఉంటే, కాల్షియం 0.1 శాతం దగ్గరే ఆగిపోతుంది. పశువు మేతలో కాల్షియం భాస్వరంతో సమానంగానో, రెట్టింపుగానో ఉండాలి. ఈ లెక్క తారుమారైతే ఎద్దులకు, కోడెలకు మూత్రంలో రాళ్లు కడతాయి. సన్నని మూత్రనాళం మూసుకుపోయి పశువు విలవిల్లాడుతుంది. పాలిచ్చే గేదె తన ఎముకల్లోని కాల్షియం కరిగించి పాలలోకి పంపుతుంది.

సున్నపు బట్టీల ఊరైన పిడుగురాళ్లకు ఈ లోపం తీర్చే పదార్థం కొత్త కాదు. మేతకు పనికొచ్చే మెత్తని సున్నపురాయి పొడిలో దాదాపు 40 శాతం కాల్షియం ఉంటుంది. తవుడు ఎక్కువగా ఉన్న వంద కిలోల దాణాలో ఒకటి రెండు కిలోలు కలిపితే చాలు. అయితే ఒక హెచ్చరిక తప్పదు. బట్టీలో 900 డిగ్రీల దగ్గర కాలిన సున్నం రాయితో సమానం కాదు. అది తడి తగిలితే వేడెక్కి నోటిని, గొంతును కాలుస్తుంది. దాన్ని మేతలో ఎప్పుడూ కలపకూడదు. పొడి కూడా మేత రకమని రాసి ఉన్న సంచిలోదే కొనాలి. కుడితిలో సున్నపు తేట పోసే పాత అలవాటు ఈ లోటు తీర్చలేదు. లీటరు తేటలో కాల్షియం ఒక గ్రాముకు మించదు. రోజుకు 8 లీటర్ల పాలిచ్చే గేదె పాలలోనే సుమారు 14 గ్రాములు పోగొట్టుకుంటుంది.

పత్తి చెక్క ఎవరికి, ఎంత

పత్తి గింజలో గాసిపాల్ అనే పసుపు పదార్థం ఉంటుంది. పురుగుల నుంచి కాపాడుకోవడానికి మొక్క దాన్ని తయారుచేసుకుంటుంది. పెద్ద గేదె పొట్టలో అది మాంసకృత్తులతో కలిసి చాలావరకు కట్టుబడుతుంది, అందుకే మితంగా వాడితే ఇబ్బంది ఉండదు. నాలుగు నెలల లోపు దూడకు పెద్ద పొట్ట ఇంకా ఎదగదు. గాసిపాల్ నేరుగా రక్తంలో కలిసి గుండెను, కాలేయాన్ని దెబ్బతీస్తుంది. విత్తనపు దున్నల్లో, ఆబోతుల్లో వీర్యం నాణ్యత తగ్గిస్తుంది. తల్లికి పెట్టే దాణానే దూడకూ పెట్టే ఇళ్లు ఈ మాట గుర్తుంచుకోవాలి. గింజలో గాసిపాల్ దాదాపు లేని పత్తిని టెక్సాస్‌లో కీర్తి రాథోర్ బృందం రూపొందించింది. 2019లో అమెరికా ఆహార సంస్థ దానికి అనుమతినిచ్చింది. అలాంటి పత్తి మన చేలలోకి వచ్చేదాకా మితమే మందు.

బూజు విషం

1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీ కోళ్లు అంతుచిక్కని జబ్బుతో చచ్చిపోయాయి. కారణం బ్రెజిల్ నుంచి వచ్చిన వేరుశనగ చెక్కలోని బూజు అని తేలింది. అఫ్లాటాక్సిన్ అలా లోకానికి తెలిసింది. 1974లో రాజస్థాన్, గుజరాత్ పల్లెల్లో బూజు పట్టిన మొక్కజొన్న తిని వందకు పైగా మనుషులు మరణించారు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థకు చెందిన కృష్ణమాచారి బృందం ఆ సంగతిని పరిశోధించి ప్రపంచానికి తెలిపింది.

గేదె తిన్న ఈ విషంలో కొంత భాగం రూపు మార్చుకొని ఒక్క రోజులోనే పాలలోకి వస్తుంది. కాచినా పోదు. ఆహార భద్రతా సంస్థ 2018లో దేశమంతటా 6,432 పాల నమూనాలు పరీక్షిస్తే 5.7 శాతంలో ఇది పరిమితి దాటి ఉంది. మేత నుంచే ఈ విషం పాలలో చేరుతుందని ఆ సంస్థ స్పష్టం చేసింది. చెడు మేత ఆపితే మూడు నాలుగు రోజుల్లో పాలు శుభ్రపడతాయి, ఇదొక్కటే ఊరట.

వర్షానికి తడిసిన చెక్కను ఎండబెట్టినా, దులిపినా విషం పోదు. మంచి సరుకులో కలిపితే రెండూ చెడతాయి. దాణాలో తేమ 11 శాతం మించకూడదు. బస్తాలను నేల మీద కాక చెక్క బల్లల మీద, గోడకు ఎడంగా పేర్చాలి. ఇథనాల్ కర్మాగారాల నుంచి వస్తున్న డీడీజీఎస్ అనే ఎండు పిప్పి విషయంలో మరింత జాగ్రత్త అవసరం. ధాన్యంలోని పిండి సారాయిగా మారిపోగా మిగిలినదంతా చిక్కబడుతుంది. మాంసకృత్తులతో పాటు బూజు విషం కూడా మూడింతలు కావచ్చు.

ఒక కూర్పు, ఒక కోరిక

నలగ్గొట్టిన మొక్కజొన్న 30 కిలోలు, నూనె తీసిన తవుడు 30, పత్తి చెక్క, వేరుశనగ చెక్క కలిపి 26, పప్పుల పొట్టు 10, ఖనిజ లవణ మిశ్రమం 2, సున్నపురాయి పొడి 1, ఉప్పు 1: ఈ వంద కిలోల దాణా పెద్ద పాడి గేదెకు సరిపోతుంది. ఒంటి పోషణకు రోజుకు కిలో, కిలోన్నర. ఆపైన ప్రతి రెండు లీటర్ల పాలకు ఒక కిలో. వరిగడ్డి, పచ్చిమేత ఎప్పుడూ తగ్గకూడదు.

రైతు చూపు, ముక్కు, చేయి చాలా దోషాలు పట్టగలవు. అఫ్లాటాక్సిన్‌ను మాత్రం అవి పట్టలేవు. వాసన లేని సరుకులోనూ అది ఉండవచ్చు. దానికి పరీక్షే దిక్కు. గుంటూరు పక్కనే లాంలో పశు పరిశోధన స్థానం ఉంది, ఊరూరా పాల కేంద్రాలున్నాయి. పాలలో వెన్న శాతం ప్రతి పూటా కొలిచే కేంద్రంలోనే చెక్క లోడు వచ్చినప్పుడల్లా నమూనా తీసి బూజు విషం పరీక్ష చేయించాలి. పదిమంది రైతులు కలిసి ఒకే లోడు కొంటే పరీక్ష ఖర్చు తలా కొంచెమే అవుతుంది, మిల్లువాడూ నాణ్యతకు జవాబుదారీ అవుతాడు. మిగులుతో పాడిని నిలబెట్టిన పల్నాడు రైతుకు ఆ భరోసా దక్కాలి. ఆ పాలు తాగే ప్రతి బిడ్డకూ దక్కాలి.