పాత గేమింగ్ కంప్యూటర్: భాగాలు మార్చాలా, కొత్తది కొనాలా?

విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. ఆటలతో పాటు చదువుకూ, బ్యాంకు లావాదేవీలకూ అదే కంప్యూటర్‌ను వాడే కుటుంబాలకు ఇది భద్రతకు సంబంధించిన విషయం. ఈ దశలో పాత యంత్రంపై మళ్లీ డబ్బు వెచ్చించడం సమంజసమా?

ముందుగా ఏ భాగం వెనుకబడిందో తెలుసుకోవాలి. ఆటలో రిజల్యూషన్ తగ్గించినప్పుడు ఫ్రేమ్ రేటు బాగా పెరిగితే, భారమంతా గ్రాఫిక్స్ కార్డుపైనే ఉన్నట్లు. పెద్దగా మారకపోతే ప్రాసెసర్‌ను అనుమానించాలి. ఎస్ఎస్‌డీ అమర్చితే ఆట త్వరగా తెరుచుకుంటుంది కానీ, ఫ్రేమ్ రేటు సాధారణంగా పెరగదు.

గ్రాఫిక్స్ కార్డు ఒక్కటే మారిస్తే చాలనుకున్నప్పుడు, దానికి కావలసిన విద్యుత్తును పాత పవర్ సప్లై ఇవ్వగలదో లేదో చూసుకోవాలి. కార్డు కేబినెట్‌లో పట్టాలి కూడా.

ప్రాసెసర్ మార్పు మదర్‌బోర్డుపై ఆధారపడి ఉంటుంది. ఏఎండీ 2022లో విడుదల చేసిన రైజెన్ 7 5800ఎక్స్3డీ, బయోస్ అప్‌డేట్ చేస్తే 2017 నాటి అనేక ఏఎం4 బోర్డులపైనా పనిచేస్తుంది. ఇంటెల్ ఏడో తరం కంప్యూటర్లకు ఆ వెసులుబాటు లేదు. విండోస్ 11 అధికారిక జాబితాలోనూ ఆ తరం ప్రాసెసర్లకు దాదాపు చోటు లేదు.

ఒక్క భాగంతో సమస్య తీరితే మార్పు లాభదాయకమే. ప్రాసెసర్, బోర్డు, ర్యామ్ మూడూ మార్చవలసి వస్తే మాత్రం, ఆ మొత్తాన్ని కొత్త కంప్యూటర్ ధరతో పోల్చిన తరువాతే నిర్ణయించుకోవాలి.